పరుగెత్తే పిల్లలకు ఒక పెద్దదిక్కు

బళ్ళారి నుంచి హొసపేటకు వెళ్ళే దారిలో తోరణగల్లు అనే ఊరు వస్తుంది. పాఠకుల్లో చాలామంది ఆ ఊరి మీదుగా హంపికో, హుబ్బళ్ళికో వెళ్ళే ఉంటారు. బస్సు కిటికీలోంచి కనిపించేది ఉక్కు ఫ్యాక్టరీ, దాని పొగగొట్టాలు, ఖనిజం మోసే లారీల వరస, చెట్ల ఆకుల మీద సైతం పేరుకున్న ఎర్రటి దుమ్ము. ఆ ఫ్యాక్టరీ వారి విజయనగర్ టౌన్‌షిప్పులో 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ అనే క్రీడా శిక్షణ సంస్థ మొదలయింది. ఈ సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. జె.ఎస్.డబ్ల్యూ. వారు పెట్టిన ఆ సంస్థలో కుస్తీ, బాక్సింగు, జూడో, అథ్లెటిక్స్ నేర్పుతారు. 2019లో మోచేతికి ఆపరేషన్ జరిగాక జావెలిన్ వీరుడు నీరజ్ చోప్రా మళ్ళీ కోలుకోవడానికి కసరత్తు చేసిన చోట్లలో అది ఒకటి. ఆ తరువాత 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి ఆయన ఒలింపిక్ బంగారు పతకం తెచ్చాడు. 2023 మార్చిలో అదే విజయనగర్ మైదానంలో జెస్విన్ ఆల్డ్రిన్ అనే తమిళ కుర్రాడు 8.42 మీటర్లు దూకి లాంగ్ జంప్‌లో జాతీయ రికార్డు సృష్టించాడు.

ఈ విశేషాలు నేను ఎక్కడ చెప్పినా మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. "కోచ్ ఎవరు సార్?" అన్నది మొదటిది. "తిండి ఏం పెడతారు?" అన్నది రెండోది. రెండూ మంచి ప్రశ్నలే. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ పిల్లవాడు ఏ పోటీకి వెళ్ళాలో, ఏ పోటీ మానుకోవాలో చూసేదెవరు? టిక్కెట్టు, వీసా, ఎంట్రీ ఫారం, డాక్టరు, వచ్చిన డబ్బు లెక్క, ఇవన్నీ ఎవరి చేతిలో ఉంటాయి? ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళారిలో హైస్కూలు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పరుగులో మంచి చురుకున్న పిల్లలు ఎంతోమంది నా కళ్ళ ముందు తయారయ్యారు. వాళ్ళలో చాలామంది ఆగిపోయింది కాళ్ళలో బలం లేక కాదు, ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి లేక. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేనేజరు అంటే ఎవరు?

సినిమా తారలకు మేనేజర్లుంటారని మనకు తెలుసు. క్రికెటర్లకు ఉంటారనీ తెలుసు. పరుగు పందేలవాళ్ళకు కూడా ఉంటారంటే కొందరు నవ్వుతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎన్నో ఏళ్ళ పాటు అథ్లెటిక్స్‌లో డబ్బు పుచ్చుకోవడమే నేరం. మిల్ఖాసింగ్ 1960లో రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చిన రోజుల్లో పరుగు అంటే గౌరవం, పతకం, అదృష్టముంటే ఒక సర్కారు ఉద్యోగం. అంతర్జాతీయ సమాఖ్య 1982లో గాని కొంచెం మెత్తబడలేదు. ఆటగాడి సంపాదనను ట్రస్టు నిధిలో వేసుకోవడానికి అప్పుడు అనుమతించింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో బహుమతి డబ్బు ఇవ్వడం 1997లో మొదలయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అథ్లెటిక్స్ విజేతలకు తలా 50,000 డాలర్లు ఇచ్చారు.

డబ్బు వచ్చిన చోటికి దాన్ని చూసుకునే మనిషీ వస్తాడు. ఆ మనిషే మేనేజరు. విదేశాల్లో పోటీలు నడిపేవాళ్ళతో మాట్లాడి తన ఆటగాడికి చోటు సంపాదించడం, ప్రయాణం, బస, బూట్ల కంపెనీలతో ఒప్పందం, గాయమైతే వైద్యుడు, ఇవన్నీ ఆయన పని. డోపింగ్ పరీక్షల సంగతి కూడా పట్టించుకోవాలి. పెద్ద స్థాయి ఆటగాళ్ళు ప్రతిరోజూ ఏదో ఒక గంట తాము ఎక్కడుంటారో ముందుగా తెలియజేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు పరీక్షకు దొరకకపోయినా, ఆచూకీ సరిగా ఇవ్వకపోయినా అది నేరం కిందే లెక్క. మందు ముట్టనివాడు కూడా నిర్లక్ష్యం వల్ల నిషేధానికి గురి కావచ్చు. ఈ శ్రమకు ప్రతిఫలంగా సంపాదనలో నూటికి పదిహేను వరకు తీసుకోవడం ఈ వృత్తిలో రివాజు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఇలాంటి ప్రతినిధులకు పరీక్ష పెట్టి మరీ గుర్తింపు ఇస్తుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఆటగాడు పరిగెత్తితేనే మేనేజరుకు వాటా వస్తుంది. అలాంటప్పుడు "ఈసారి పరిగెత్తవద్దు" అని చెప్పే మేనేజరు ఎవరుంటారు? ఉన్నారు. ఒకాయన కథ చెబుతాను.

గంటలో యాభై రెండు చుట్లు

హాలండు దేశంలో నైమేగన్ అనే ఊరుంది. అక్కడ 1950లో పుట్టిన యోస్ హెర్మెన్స్ దూరపు పరుగుల మనిషి. 1975లో ఒక గంటసేపు ఆగకుండా పరిగెత్తి 20,907 మీటర్లు పూర్తి చేసి ప్రపంచ రికార్డు సాధించాడు. మరుసటి ఏడాది మే నెలలో తన రికార్డును తానే దాటి 20,944 మీటర్లు పరిగెత్తాడు. నాలుగు వందల మీటర్ల మైదానంలో అది 52 చుట్లు దాటిన మాట. పదిహేనేళ్ళ పాటు, 1991లో మెక్సికో వీరుడు ఆర్తురో బారియోస్ వచ్చేదాకా, ఆ రికార్డు నిలిచింది.

ఒలింపిక్స్‌కు ఆయన రెండుసార్లు వెళ్ళాడు. 1972లో మ్యూనిక్ క్రీడల మధ్యలో ఇజ్రాయెల్ క్రీడాకారులను ఉగ్రవాదులు చంపారు. క్రీడలు కొనసాగించాలని పెద్దలు నిర్ణయించారు. హెర్మెన్స్ మాత్రం పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. విందు జరుగుతున్న ఇంట్లో మనిషిని చంపితే ఆ తరువాత విందు సాగించరు కదా అన్నది ఆయన మాట. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్ళు. ఒలింపిక్స్‌లో పరిగెత్తే అవకాశం వదులుకోవడం ఆ వయస్సులో చిన్న సంగతి కాదు. 1976లో మాంట్రియల్‌లో 10,000 మీటర్ల ఫైనల్లో పదో స్థానంలో వచ్చాడు. ఆ తరువాత మడమ వెనుక ఉండే పెద్ద నరం ఆయనను ముందుకు పోనివ్వలేదు. 1978లో, ఇరవై ఎనిమిదేళ్ళకే, పరుగు ముగిసిపోయింది.

మన ఊళ్ళలో అయితే ఆ కథ అక్కడితో సరి. పాత పేపరు కటింగులు, గోడకు వేలాడే రెండు పతకాలు, "ఆ రోజుల్లో మీ నాయన గాలిలా ఉరికేవాడు" అన్న మాట మిగిలేవి. హెర్మెన్స్ కొన్నాళ్ళు నైకీ బూట్ల కంపెనీలో పనిచేశాడు. కంపెనీ వాళ్ళు ఆటగాళ్ళతో ఎలా మాట్లాడతారో, పోటీలు ఎలా నడుస్తాయో అవతలి వైపు నుంచి చూశాడు. 1985లో తన ఊళ్ళోనే గ్లోబల్ స్పోర్ట్స్ కమ్యూనికేషన్ అనే సంస్థ పెట్టి పరుగువాళ్ళ వ్యవహారాలు చూడడం మొదలుపెట్టాడు. కాలు పట్టుతప్పినప్పుడు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఇప్పుడు వేరేవాళ్ళ కాళ్ళకు కాపలా కాయడం మొదలుపెట్టాడన్న మాట.

"వద్దు" అని చెప్పే విద్య

ఇథియోపియాలోని ఒక రైతు కుటుంబం నుంచి వచ్చిన హైలే గెబ్రెసెలాసీ పేరు మీరు వినే ఉంటారు. చిన్నతనంలో రోజూ బడికి పది కిలోమీటర్లు పరిగెత్తి వెళ్ళిన మనిషి. ఆయన వ్యవహారాలు చూసింది హెర్మెన్సే. 1994లో హాలండులోని హెంగెలో పట్టణంలో గెబ్రెసెలాసీ 5,000 మీటర్లను 12 నిమిషాల 56.96 సెకండ్లలో పరిగెత్తి తొలి ప్రపంచ రికార్డు సాధించాడు. ఆ తరువాత 1996, 2000 ఒలింపిక్స్‌లలో 10,000 మీటర్ల బంగారు పతకాలు తెచ్చుకున్నాడు.

నాకు మాత్రం ఆయన పరిగెత్తిన పందేల కన్నా పరిగెత్తని పందెమే ఎక్కువ గుర్తుంటుంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ వచ్చాయి. అప్పటికి మారథాన్‌లో ప్రపంచ రికార్డు గెబ్రెసెలాసీదే. ఆయనకు ఉబ్బసం ఉంది. బీజింగ్ గాలిలో కాలుష్యం ఎక్కువని మారథాన్ మానుకుని 10,000 మీటర్లు మాత్రమే పరిగెత్తాడు, ఆరో స్థానంలో వచ్చాడు. అవకాశం చేజార్చుకున్నాడని అన్నవాళ్ళు అన్నారు. సరిగ్గా ఆ సెప్టెంబరు 28న బెర్లిన్‌లో మారథాన్‌ను 2 గంటల 3 నిమిషాల 59 సెకండ్లలో ముగించాడు. 2 గంటల 4 నిమిషాల లోపు మారథాన్ పూర్తి చేసిన మొదటి మనిషి అయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్ళు.

అదే సంస్థ చూసుకున్న మరో వీరుడు కెన్యా దేశస్థుడు ఎలియుడ్ కిప్చోగే. పద్దెనిమిదేళ్ళకే, 2003లో, 5,000 మీటర్లలో ప్రపంచ విజేత అయ్యాడు. తొమ్మిదేళ్ళ తరువాత లండన్ ఒలింపిక్స్ జట్టులో చోటు దక్కలేదు. ఇక ఆయన పని అయిపోయిందని అనుకునే సమయం అది. 2013లో హాంబర్గ్‌లో మారథాన్‌కు మారి మొదటి పందెమే గెలిచాడు. అక్కడి నుంచి సాధారణంగా ఏడాదికి రెండే మారథాన్లు. పిలిచే నగరాలు ఎన్నో, ఇవ్వజూపే డబ్బు ఎంతో. అయినా రెండే. మిగిలిన నెలలన్నీ కప్తగట్ అనే కొండ ప్రాంతపు శిబిరంలో కోచ్ ప్యాట్రిక్ సాంగ్ దగ్గర శిక్షణ. ఆ సాంగ్ కూడా పాత పరుగువాడే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో రజత పతకం సాధించిన మనిషి. 2019 అక్టోబరు 12న వియన్నాలో కిప్చోగే 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకండ్లలో పరిగెత్తాడు. ప్రత్యేక ఏర్పాట్ల మధ్య జరిగింది కాబట్టి దాన్ని అధికారిక రికార్డుగా లెక్కపెట్టలేదు. అయినా రెండు గంటల లోపు ఆ దూరం దాటిన మొదటి మనిషి ఆయనే.

పొలానికి వరసగా మూడు పంటలు వేస్తే నాలుగోది చేతికి రాదని మన రైతుకు చెప్పనక్కరలేదు. బీడు పెట్టిన ఏడాది కూడా సేద్యంలో భాగమే. శరీరానికీ అదే లెక్క. పరిగెత్తి దెబ్బతిన్నవాడికి ఈ సంగతి పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు.

కాగితం లేని రికార్డు

ఇక మన అమ్మాయి సంగతికి వద్దాం. విశాఖపట్నం జ్యోతి యర్రాజీ. తండ్రి సెక్యూరిటీ గార్డు. ఇంటి పరిస్థితి అంతంతమాత్రం. హైదరాబాదులో ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేష్ గారి దగ్గర, తరువాత గుంటూరులో, ఆ పైన భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ అనే బ్రిటిష్ కోచ్ దగ్గర 100 మీటర్ల హర్డిల్స్‌లో శిక్షణ పొందింది.

ఆ పందెంలో జాతీయ రికార్డు 2002 నుంచి అనూరాధా బిస్వాల్ పేరున 13.38 సెకండ్లుగా ఉండేది. జ్యోతి 2020లో మన రాష్ట్రంలోనే మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకండ్లలో పరిగెత్తింది. పాత రికార్డు ఎక్కడో వెనక్కిపోయింది. కాని లెక్కలోకి రాలేదు. ఎందుకని? అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు. సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా లేరు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో మళ్ళీ పాత రికార్డు కన్నా వేగంగా పరిగెత్తింది. ఈసారి వెనుక నుంచి వీచిన గాలి సెకండుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. మళ్ళీ లెక్కకు రాలేదు. చివరకు ఆ మే నెలలో సైప్రస్ దేశంలో లిమసోల్ పోటీల్లో 13.23 సెకండ్లతో రికార్డు ఆమె పేరున నమోదయింది. గమనించారా? లెక్కకు రాని రెండు పరుగుల కన్నా లెక్కకు వచ్చిన పరుగే నెమ్మదిగా సాగింది! గాలి ఎవరి చేతిలోనూ ఉండదు. కాని ఏ పోటీలో పరీక్షలు సక్రమంగా జరుగుతాయో, ఏ పోటీలో వచ్చిన సమయం చెల్లుతుందో ముందుగా చూడగలిగిన మనిషి పక్కనుంటే పరుగెత్తేవాళ్ళ కష్టం వృథా కాదు.

మరో సంఘటన. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్. చైనా అమ్మాయి వూ యన్ని తుపాకి పేలకముందే కదిలింది. అధికారులు ఆమెతో పాటు జ్యోతినీ తప్పుపట్టారు. జ్యోతి ఊరుకోలేదు. తాను ముందుగా కదలలేదని అక్కడికక్కడే అభ్యంతరం చెప్పింది. అభ్యంతరం నమోదు చేసుకుని ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. మూడోదిగా వచ్చింది. మనవాళ్ళు పట్టుబట్టాక పరిశీలన జరిగి చైనా అమ్మాయిని తొలగించారు. జ్యోతికి రజతం దక్కింది. ఆ క్షణంలో ఏడ్చుకుంటూ మైదానం దాటి వచ్చేసి ఉంటే ఆ పతకం లేదు. నిబంధన తెలియడమూ పరుగులో భాగమే. 2025 మేలో కొరియాలోని గుమిలో ఆమె ఆసియా ఛాంపియన్‌షిప్పు బంగారు పతకం నిలబెట్టుకుంది. అదే ఏడాది మోకాలి గాయం ఆమెను మైదానానికి దూరం చేసింది. ఎంత గొప్ప పరుగుకైనా కాలం కొద్దిదేనని ఇంతకన్నా ఏం చెప్పాలి?

మా ఇంటికి వచ్చిన కాగితం

విదేశాల కథలు మనకెందుకని ఎవరైనా అనుకుంటారేమో. మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. సిరుగుప్ప వైపు పల్లెలో ఉండే మా చెల్లెలి మనవరాలు 400 మీటర్లు పరిగెత్తుతుంది. అప్పుడు దానికి పదహారేళ్ళు. 58 సెకండ్ల చిల్లరలో వచ్చేది. జిల్లా పోటీల్లో గెలిచాక ఒకాయన ఇంటికి వచ్చాడు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. నలభై వేలు బయానా ఇస్తానన్నాడు. అయిదేళ్ళ ఒప్పందం. ఇంగ్లీషులో రాసిన స్టాంపు కాగితం ముందు పెట్టాడు.

ఆ ఏడాది వరి పంట సగం దెబ్బతింది. షావుకారు అప్పు నెత్తిమీద ఉంది. మా మేనల్లుడు కాగితం పట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

"మామా, నలభై వేలు మామా! షావుకారుకు కట్టేస్తే గట్టెక్కుతాం. నువ్వొకసారి చదివి చెప్పు, సంతకం పెట్టేస్తా" అన్నాడు.

చదివాను. పిల్లకు వచ్చే ప్రతి రూపాయిలో నలభై పైసలు ఆయనకు. ఆయన చెప్పిన ప్రతి పోటీలో పరిగెత్తాలి. మానితే బయానా వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. గాయమైతే వైద్యం ఎవరు చేయించాలన్న మాట మాత్రం కాగితంలో ఎక్కడా లేదు.

ఆ ఆదివారమే పల్లెకు వెళ్ళాను. పిల్ల నడకలో ఏదో తేడా కనిపించింది.

"కాలు నొప్పా అమ్మా?" అని అడిగాను.

"అంత లేదులే తాతా. పరిగెత్తగలను. నాయనకు అప్పు తీరుతుంది కదా" అంది.

ఒంటికాలి మీద పదిసార్లు గెంతమన్నాను. మూడో గెంతుకే పళ్ళు బిగపట్టింది. మరునాడు బళ్ళారిలో ఎముకల డాక్టరుకు చూపించాం. ముంగాలి ఎముక బాగా అలిసిపోయిందనీ, ఇలాగే పరిగెత్తితే చీలుతుందనీ చెప్పి ఆరు వారాలు పరుగు మాన్పించాడు. ఆ ఆరు వారాల్లోనే కాగితం పెట్టిన మనిషి చెప్పిన నాలుగు పోటీలున్నాయి.

మేనల్లుడు సంతకం పెట్టకుండానే కాగితం తిరిగి ఇచ్చి వచ్చాడు. ఒక బర్రెను అమ్మి షావుకారుకు సగం కట్టాడు. ఆ ఏడాది ఉగాదికి వాళ్ళింట్లో కొత్త బట్టలు లేవు. "పెద్దాయన మాట విని నలభై వేలు పోగొట్టుకున్నాం" అని మా కోడలు నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. ఆమెను నేను తప్పుపట్టను. ఆ ఇంటి ఖర్చు నడిపేది ఆమె. పిల్ల ఆ ఏడాది రాష్ట్ర పోటీలకు వెళ్ళలేదు. మరుసటి ఏడాది మళ్ళీ 58 దగ్గరికే వచ్చింది. ఆ పైన 57 సెకండ్ల చిల్లరకు దిగింది. పతకాలు ఇంకా రాలేదు. పి.యు.సి. చదువుతూ రోజూ పొద్దున్నే పరిగెత్తుతోంది. కాలు బాగుంది.

తల్లిదండ్రులు చూసుకోవలసినవి

పరుగులో ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ముందు, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల పెట్టిన సంతకం 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం చెల్లదు. అందుకే తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. అది పెట్టే ముందు లాయరుకో, లోకం తెలిసిన పెద్దవారికో చూపించండి. మీకు రాని భాషలో ఉన్న కాగితాన్ని మీ భాషలో చదివించుకోండి. "ఇవాళే పెట్టాలి" అని తొందరపెట్టేవాణ్ణి వారం ఆగమనండి. మంచివాడైతే ఆగుతాడు.

వాటా ఎంత, ఎన్నేళ్ళు, మధ్యలో మానుకోవచ్చా, గాయమైతే ఎవరు భరిస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాతలో ఉండాలి. నోటి మాట నీటి మూట. అంతర్జాతీయ స్థాయికి చేరిన పిల్లలైతే వచ్చిన మనిషికి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య గుర్తింపు ఉందో లేదో తప్పక విచారించాలి.

బలానికని ఎవరైనా పొడులు, సూదులు, మాత్రలు ఇస్తే ముట్టవద్దు. జలుబు మందులో కూడా నిషేధించిన పదార్థం ఉండవచ్చు. పిల్ల క్రీడాకారిణి అని డాక్టరుకు ముందే చెప్పి, రాసిన చీటీ దాచుకోవాలి. "నాకు తెలియదు" అన్న జవాబు డోపింగ్ విచారణలో మనల్ని కాపాడదు. ఒంట్లోకి పోయిన ప్రతిదానికీ ఆటగాడే బాధ్యుడని నియమం.

చదువు మాన్పించవద్దు. వచ్చిన డబ్బు పిల్ల పేరు మీద బ్యాంకులో వేయండి. బహుమతి డబ్బుతో ముందు ఇంటికి రంగులు వేయించి, తరువాత బూట్లకు అప్పు చేసినవాళ్ళను చూశాను.

పెద్దదిక్కు ఎక్కడ దొరుకుతుంది?

హెర్మెన్స్ వంటి మేనేజరు ప్రపంచ స్థాయికి చేరిన తరువాతి మాట. మన జిల్లా మైదానంలో పరిగెత్తే పిల్ల దగ్గరికి ఆయన రాడు, రానవసరమూ లేదు. ఆ పిల్లకు కావలసింది ఇంట్లోనో, వీధిలోనో, బడిలోనో ఒక పెద్దదిక్కు. వాటా అడగని మనిషి. "ఈ నెల పరిగెత్తవద్దమ్మా" అంటే తాను నష్టపోయేది ఏమీ లేని మనిషి.

అలాంటివాళ్ళు పరుగు నుంచే వచ్చారనడానికి మన దగ్గరా ఉదాహరణలున్నాయి. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో సెకండులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్న పి.టి. ఉష కేరళలో సొంత శిక్షణ పాఠశాల పెట్టింది. ఆమె శిష్యురాలు టింటూ లూకా 2010లో 800 మీటర్ల జాతీయ రికార్డు సాధించింది. 1991లో వచ్చిన "అశ్విని" సినిమా చూసినవాళ్ళకు అశ్వినీ నాచప్ప తెలియకపోదు. తన జీవిత కథలో తానే నటించిన ఆ పరుగుల రాణి తరువాత కొడగులో ఆటలకు పెద్దపీట వేసే బడి నడిపింది. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి బడిలో పరిగెత్తుతుంటే చూసి వదలకుండా ముందుకు నడిపించింది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ తరువాత రమేష్ గారు చేరదీశారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. ఊళ్ళో ఎగతాళికి గురైన పిల్ల అది. ఆమె కోసం అమ్ముకున్న పొలాన్ని ఆ ఇంటివాళ్ళు ఆసియా పారా క్రీడల్లో ఆమె గెలిచాక మళ్ళీ కొనుక్కోగలిగారు.

మన బళ్ళారి సీమ 1953 అక్టోబరు 1న రెండుగా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరాయి. మనం మైసూరులో మిగిలాం. గీతకు ఇటూ అటూ తెలుగు ఇళ్ళల్లో పరుగెత్తే పిల్లలున్నారు. వాళ్ళకు ఫారాలు కన్నడంలోనో, ఇంగ్లీషులోనో వస్తాయి. నింపలేక గడువు దాటిపోయిన పిల్లలు నా రోజుల్లోనే పదిమందికి పైగా ఉన్నారు. మరోవైపు మన సంఘంలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులున్నారు, గుంతకల్లు రైల్వేలో పనిచేసి వచ్చినవారున్నారు, కాలేజీ రోజుల్లో పరిగెత్తి పతకాలు తెచ్చుకున్నవారున్నారు, డాక్టర్లు, లాయర్లు ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్ల బాధ్యత తీసుకుంటే చాలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, పోటీల కాగితాలు, డాక్టరు చీటీలు, బ్యాంకు పుస్తకం ఒక ఫైలులో పెట్టి ఇవ్వండి. ఏ పోటీ ఎప్పుడుందో, ఏది ముఖ్యమో ఒక నోటుబుక్కులో రాయించండి. నెలకొకసారి కాలు ఎలా ఉందని అడగండి. దీనికి ప్రపంచ రికార్డు అక్కరలేదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. పరుగు దీపం పదేళ్ళకు మించి వెలగడం అరుదు. బడుల మధ్య పోటీలు మొదలయినప్పుడు ఈసారి మైదానం వైపు వెళ్ళండి. గెలిచిన పిల్ల భుజం తట్టి వచ్చేయకుండా, ఆమె తన సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టుకుందో ఒక్కమాట అడిగి రండి.